ఫీజు నాన్నది, మాట కూతురిది

ఫీజు కట్టేది నాన్న. లోపల కూర్చుని మాట్లాడేది కూతురు. మరి నేను ఎవరి మనిషిని? విజయవాడలో కౌన్సెలింగ్ చేసే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. నా జవాబు ముందే చెప్పేస్తాను. రసీదు మీద ఎవరి పేరున్నా సరే, నేను లోపల కూర్చున్నవాళ్ల మనిషిని.

ఒక తండ్రి సంగతి చెప్తాను. పోలికలు పట్టుకోలేనంతగా వివరాలు మార్చాను, మార్చకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకుండదు. వాళ్లది గుడివాడ దగ్గర పల్లె, ఆయనకు చేపల చెరువులున్నాయి. ఇంజనీరింగ్ చదివే కూతురు ఉన్నట్టుండి హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసింది. సరిగా తినదు, ఫోనెత్తదు, తెల్లవారేదాకా నిద్రపోదు. నా దగ్గరికి తీసుకొచ్చిన రోజు ఆయన గంటసేపు బయట కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి బయటికి రాగానే "నువ్వు కిందకి దిగి కారు దగ్గరుండమ్మా" అని పంపేసి, లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఏం చెప్పిందండీ? ఎవరన్నా ఉన్నారా?"

"అమ్మాయి చెప్పినవి నేను చెప్పనండీ. తను సరేనంటే మీ అందర్నీ కూర్చోబెట్టి తనచేతే చెప్పిస్తాను" అన్నాను.

"కన్నవాళ్లం మేడమ్ మేం. మాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు? డబ్బులు కట్టింది మేమేగా?"

ఆ కోపంలో ఉన్నదంతా భయమే. రాత్రిళ్లు లేచి కూతురి గది తలుపు కింద లైటు వెలుగుతోందా లేదా అని చూసుకునే మనిషి ఆయన. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ రోజు నేనొక్క మాట జారితే సాయంత్రానికి అది ఇంట్లో పంచాయితీ అవుతుంది. ఆ అమ్మాయి మళ్లీ రాదు. లేదంటే వచ్చి, తండ్రి వినాలనుకున్నదే నాకు చెప్తుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. అంతా సర్దుకుందని నేనూ నమ్ముతాను, ఆయనా నమ్ముతాడు. ఆ పిల్ల మాత్రం ఇదివరకటికంటే ఒంటరిదైపోతుంది.

ఈ చిక్కు మన దగ్గరే పుట్టింది కాదు. 1900లో వియన్నాలో ఒక సంపన్నుడు తన పద్దెనిమిదేళ్ల కూతుర్ని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు అప్పగించాడు. ఆమెకు తెరలు తెరలుగా దగ్గు, మధ్యమధ్య గొంతు పోయేది. ఆ తండ్రికి ఒక కుటుంబ స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడేమో ఈ అమ్మాయి మీదే కన్నేశాడు. ఆమె ఆ సంగతి చెప్తే తండ్రి కొట్టిపారేశాడు, నచ్చజెప్పి దారికి తెమ్మని డాక్టర్ని కోరాడు. ఫ్రాయిడ్ ఆమె చెప్పింది నిజమేనని నమ్మాడు, కానీ నీకూ లోలోపల అతనంటే ఇష్టమేనని ఆమెతో వాదించాడు. మూడు నెలలైనా తిరక్కుండానే, ఆ ఏడాది చివరి రోజున, ఇక రానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. 1905లో 'డోరా' అన్న మారుపేరుతో ఆ కేసు అచ్చయింది. తనపట్ల ఆమెలో కదులుతున్న భావాలను సకాలంలో పట్టుకోలేకపోయానని అందులో ఫ్రాయిడే ఒప్పుకున్నాడు. నేను ఇంకో మాట కలుపుతాను. ఆ గదిలో తన పక్షాన ఎవరూ లేరని ఆమె కనిపెట్టింది.

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1979లో ఈ సంబంధాన్ని మూడు ముక్కల్లో చెప్పాడు: ఎక్కడికి చేరాలో ఇద్దరూ ఒప్పుకోవాలి, అందుకు ఏం చేయాలో ఒప్పుకోవాలి, ఇద్దరి మధ్యా నమ్మకం ఉండాలి. మన ఇళ్లలో మొదటిదే కుదరదు. "దీన్ని మళ్లీ చదువులో పడెయ్యండి", "వీడిని పెళ్లికి ఒప్పించండి" అని చేరాల్సిన చోటు పెద్దలే తేల్చి తీసుకొస్తారు. అందుకే మొదటి రోజు వచ్చినవాళ్లను నేను అడిగేది "మీకేం కావాలి" అని. చాలామంది ఏడ్చేది అక్కడే. ఆ మాట వాళ్లను ఎవరూ అడిగి ఉండరు.

అలాగని అన్నీ దాచిపెడతానని కాదు. ప్రాణానికి ముప్పుందనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెప్తాను. ఆ ఫోన్ కూడా వీలైనంతవరకు వాళ్ల ఎదుటే చేస్తాను. ఎవరినైనా చంపుతానన్నా, పసిపిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా నోరు విప్పక తప్పదు. ఇవన్నీ మొదటి రోజే, కథ మొదలుకాకముందే చెప్పేస్తాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కూడా గోప్యతను చికిత్స పొందే మనిషి హక్కుగా పెట్టి, ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. అందులో 'ఫీజు కట్టినవారికి' అన్న మినహాయింపు లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో పెద్దల అనుమతి, పెద్దల పాత్ర వేరు. అక్కడ కూడా ఏది చెప్పాలో ముందు ఆ పిల్లతోనే మాట్లాడుకుంటాను.

దగ్గరితనం సంగతి ఇంకా కష్టం. మనవాళ్లు రెండోసారికే "అక్కా" అంటారు. వేసవిలో కొత్తావకాయ సీసా తెస్తారు. సీసా తీసుకుంటాను. వద్దంటే ఆ మనిషినే వద్దన్నట్టు మన దగ్గర. పెళ్లి శుభలేఖ తెచ్చినప్పుడు మాత్రం గదిలోనే అక్షింతలు వేసి దీవిస్తాను, పెళ్లికి వెళ్లను. మండపంలో ఎవరో పెద్దమ్మ "ఈవిడ ఎవరమ్మా" అని అడిగితే పెళ్లికూతురు ఏం చెప్పాలి? బీసెంట్ రోడ్డులో ఎదురుపడినా నేనుగా పలకరించను, వాళ్లు నవ్వితే నవ్వుతాను. ఇదీ మొదటి రోజే చెప్తాను, లేకపోతే పొగరనుకుంటారు.

పంజాబీ కవి, సైకియాట్రిస్టు జస్వంత్ సింగ్ నేకి 1973లో ఒక వ్యాసం రాశారు. మన దేశంలో చికిత్సకు గురుశిష్య సంబంధమే తగిన నమూనా కావచ్చన్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. గురువు దగ్గర దొరికే ఆదరణ కావాలి. కానీ ఆజ్ఞ వద్దు. "విడిపోవాలా, కలిసుండాలా, మీరే చెప్పండి మేడమ్" అని అడిగేవాళ్లకు పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. ఆ వరసలో నేను కూడా చేరితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఒక యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒకసారి మాట మధ్యలో ఆగి "మీరు కూడా మా నాన్నలాగే గడియారం చూస్తున్నారు" అన్నాడు. గడియారం అతని వెనకే ఉంది, నిజంగానే నా చూపు అటుంది. "మీ నాన్నగారు చూసినప్పుడు ఏమనిపించేది?" అన్నాను. ఆ రోజు మిగిలిన సమయమంతా అదే మాట్లాడాడు. పెద్దవాళ్ల మొహం మీదే కోపం చూపించాడు, ఎవరూ చెయ్యెత్తలేదు, వెళ్లిపొమ్మనలేదు. అతనికి అది కొత్త. ఏ పుస్తకం చదివి చెప్పినా రాని మార్పు అతనిలో అక్కడ మొదలైంది.

ఇలాంటి గది మన జూనియర్ కాలేజీల్లో ఉందా? విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. మంచి ఆదేశం. కానీ ఆ కౌన్సెలర్ జీతం యాజమాన్యానిదే. పిల్లవాడు లోపల చెప్పింది సాయంత్రానికి ప్రిన్సిపాల్ బల్ల మీదికి, అక్కడి నుంచి తల్లిదండ్రుల ఫోన్‌కు చేరితే, వారం తిరక్కుండా హాస్టలంతా ఆ సంగతి తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఆ గదికి బోర్డు మిగులుతుంది గానీ పిల్లలు రారు.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులనూ, కాలేజీ యాజమాన్యాలనూ నేను కోరేది ఇది. కౌన్సెలర్‌ను నియమించే కాగితంలోనే రాయండి: విద్యార్థి చెప్పిన విషయాలు అడిగే అధికారం ప్రిన్సిపాల్‌కు లేదు, ఆ నోట్సు కౌన్సెలర్ తాళం కిందే ఉంటుంది, ప్రాణానికి ముప్పున్నప్పుడో, పైన చెప్పినట్టు నోరు విప్పక తప్పనప్పుడో మాత్రమే విషయం బయటికి వెళ్తుంది. ఆ నియమాన్ని పిల్లలందరికీ మొదటి వారంలోనే చదివి వినిపించండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలను కౌన్సెలర్ దగ్గరికి పంపేముందు ఆ మనిషి ఏం చదివారో, ఎక్కడ శిక్షణ పొందారో నిలదీసి అడగండి, అది మీ హక్కు. బయటికొచ్చిన పిల్లను మాత్రం "ఏం చెప్పావు" అని అడగకండి. "వచ్చే వారం కూడా వద్దామా" అని అడగండి.