జమ్మియాకు – క్షమాపణ

2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న మన విజయదశమియు, యూదుల ప్రాయశ్చిత్త దినమగు యోమ్ కిప్పూరును ఒకే దినమున వచ్చినవి. ఇందులో మహిమ యేమియు లేదు. ఇరువురి పంచాంగములును చంద్రుని ననుసరించునవే; మనకది ఆశ్వయుజ శుద్ధ దశమి, వారికి తిష్రీ మాసమున పదవ దినము. అధికమాసములు వేరువేరు సంవత్సరములలో పడినపుడు రెండింటికిని నెల యెడమగును. అయినను ఉపాధ్యాయు లీ కలయికను గూర్చి కొంచెము ఆలోచింపవచ్చును.

యూదాచారము మనకు కేవలము పరదేశపు ముచ్చట కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున, కొత్తరెడ్డిపాలెములో, బెనె ఎఫ్రాయిములను తెలుగు కుటుంబము లా మతమును పాటించుచున్నవి. యూదులు నూతన సంవత్సరమున పిల్లలకు తేనెలో ముంచిన ఆపిలు ముక్కను తినిపింతురు. పొట్టేలికొమ్ము బూరను వినిపింతురు. పిమ్మట ప్రాయశ్చిత్త దినము లోపల, ఎవరిని నొప్పించితివో తలచుకొని వారియొద్దకు పొమ్మందురు. దేవునియెడ చేసిన తప్పునకు ఆ దినము పరిహారమగును గాని, తోటివానియెడ చేసిన తప్పునకు వానిని ప్రసన్నుని చేసికొనువరకు అదియు చాలదని వారి మిష్నా శాసనము. ఉపవాసముండినను, రోజంతయు ప్రార్థించినను, విరిగిన పలక విరిగినట్లే యుండును!

మేడ్చలు, శామీర్‌పేట గ్రామములలో దసరా సాయంకాలము పిల్లలు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి పాదములకు మ్రొక్కుదురు. ఈడువారు ఆలింగనము చేసికొందురు. పగలు మరచుటకు ఇంతకంటె అందమైన ఆచారము లేదు. (పొలములు ప్లాట్లయిన పిదప జమ్మి చెట్టు కరవై, కొమ్మలను అంగడిలో కొనవలసి వచ్చినది, అది వేరుమాట.) కాని ఆ యాకు ఎవరికి చేరుచున్నది? తాతకు, మేనమామకు, పొరుగింటి పెద్దకు. పారిశ్రామికవాడలో పనికై బీహారునుండియో ఒడిశానుండియో వచ్చిన కూలివాని కొడుకును, భాష రాదని యేడాదంతయు వెక్కిరించిన బాలుడు, ఆ యింటి గడప తొక్కుచున్నాడా?

బడిలో జరుగునది మరియొకటి. ఇద్దరు కలహించుకొందురు. పంతులు చెవి పట్టుకొని “సారీ చెప్పు” మనును. వాడు గోడవంక చూచి చెప్పును. రెండవవాడు “పరవాలేదు” అనవలసి వచ్చును. అర నిమిషములో న్యాయము ముగిసినది. క్షమాపణ మను పదము ప్రేరణార్థకము నుండి పుట్టినది. ఎదుటివాడు క్షమించునట్లు చేయుట దాని యర్థము. చెప్పినంతనే అది పూర్తికాదు. చింపిన పుస్తకమునకు అట్ట వేసి యిచ్చుట, దాచిన పెన్సిలు తిరిగి యిచ్చుట అందులో భాగములే. సెలవులకు ముందరి వారములోనే ఈ పని జరుగవలెను. సెలవులిచ్చిన పిదప పిల్లలు చెల్లాచెదరగుదురు.

పండ్రెండవ శతాబ్దపు యూద పండితుడు మైమొనిడీసు, ముమ్మారు వేడుకొనినను మన్నింపనివాడే దోషి యగునని విధించెను. ఈ నియమమును పసివారిపై ప్రయోగింపరాదు. కొడుకులను చంపిన అశ్వత్థామను ద్రౌపది విడిపించినదన్న, ఆ మాట ఆమె నోట తానై వచ్చినది. ఎవరును ఆమె చెవి పట్టుకొనలేదు. దెబ్బతిన్న పిల్లవానికి “ఇంకను కోపముగా నున్నది” అని చెప్పు హక్కు కలదు.

ఆ పండితుడే, తప్పు గురువుయెడ జరిగినచో వేయిసార్లైనను పోయి వేడుకొనవలె ననెను. పంతుళ్ళకు ఈ మాట ఇంపుగా నుండును. మరి తప్పు గురువుదైనచో? 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినది. అయినను తొందరపాటున నిర్దోషిని కొట్టినవారు, నలుగురిలో అవమానించినవారు లేకపోలేదు. ఆ పిల్లవాడు దసరానాడు యథాప్రకారము జమ్మి తెచ్చి ఆ పంతులు పాదములకే మ్రొక్కును. ఆ యాకును తిరిగి వాని చేతిలో పెట్టి, “ఆనాడు తప్పు నాది నాయనా” అని తరగతి యెదుట చెప్పిన పంతులును పిల్లలు ఇంకను చూడవలసియున్నది.