గృహవిజ్ఞాన పట్టం: ఆన్‌లైన్ చదువూ, మన ప్రయోగశాలా

మన కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, వివాహానంతరం ఎనుమాముల మార్కెట్ యార్డు సమీపంలోనే కాపురముంటున్న ఒక పూర్వ విద్యార్థిని కొంతకాలం క్రితం నన్ను చూడవచ్చింది. గృహవిజ్ఞానశాస్త్రంలో, అందునా ఆహార పోషణ శాఖలో, పట్టం పుచ్చుకోవాలని ఆమె అభిలాష. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, మంచంపట్టిన అత్తగారు. హైదరాబాదులో ఉండి చదివే వీలు లేదు. ఎక్కడో దూరప్రాంతపు సంస్థ ఒకటి ఆ పట్టాన్ని ఆన్‌లైన్‌లో ఇస్తానంటే తొలి వాయిదా రుసుము కట్టివేసింది. “సార్, ఇది చెల్లుతుందా?” అని ఆమె అడిగినప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి విశ్వవిద్యాలయ నిబంధనలతో ఏమి పని అని తప్పించుకోవచ్చును గాని, మనస్సొప్పలేదు. తరువాత కూర్చుని చదివి తెలిసికొన్నాను.

2018లో యు.జి.సి. ఆన్‌లైన్ చదువులకు చేసిన నిబంధనలలోనే, ప్రయోగశాల పని తప్పనిసరిగా ఉండే కోర్సులను ఆ పద్ధతిలో నడుపరాదని ఉన్నది. 2025 ఆగస్టులో ఆ సంఘమే మరొక అడుగు ముందుకు వేసింది. ఆహార పోషణ విజ్ఞానం, చికిత్సా పోషణ, ఆహార నియమ శాస్త్రం, వీటితోపాటు మనస్తత్వశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం మొదలైనవాటిని దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుండి బోధించరాదని ఆదేశించింది. గృహవిజ్ఞానమంతటికీ తలుపు మూసినట్లు కాదు. వస్త్రశాస్త్రం, శిశు వికాసం, గృహ నిర్వహణ, వినియోగదారుల విద్య ఇవన్నీ ఆ శాస్త్రంలోని భాగాలే. కాని మన పిల్లలు ఎక్కువగా కోరుకొనేది పోషణశాఖ, మూసుకొన్నదీ అదే.

ఈ నిర్ణయాన్ని నిందించే ఉద్దేశం నాకు లేదు. రోగికి ఏ ఆహారం పెట్టాలో చెప్పబోయే వ్యక్తి పరీక్షనాళిక ముట్టకుండా పట్టభద్రురాలు కావడం క్షేమం కాదు. ఐతే నిషేధం ఢిల్లీలో జరిగింది; దాని ఫలితాన్ని అనుభవించేది ఎనుమాములలో ఇల్లు కదలలేని ఆడపిల్ల. ఆమెకు ప్రత్యామ్నాయం చూపే బాధ్యత ఎవరిది?

ఇంటిపని నేర్పడానికి పట్టమెందుకు అని మనలో కొందరు పెద్దలు చిరునవ్వుతో అంటూ ఉంటారు. ఉర్దూలో ‘ఉమూరె ఖానాదారీ’ అన్న పేరు విని ఇది రొట్టెలు వత్తే చదువే అనుకొంటారు కాబోలు. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన ‘మిరాతుల్ ఉరూస్’ నవలను వారొకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. అందులో అస్గరీ అత్తవారింటిని నిలబెట్టింది వంట రుచితో కాదు, లెక్కతో. బజారు సరుకుల్లో మామా అజ్మత్ చేస్తున్న మోసాన్ని ఆమె చిట్టాలు చూసి బయటపెట్టింది. నేటి పాఠ్యగ్రంథాలు వినియోగదారుల విద్య అంటున్నది ఇదే కదా! మన దేశంలో వినియోగదారుల రక్షణకు చట్టం వచ్చింది 1986లో. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చింది. చట్టమున్నంత మాత్రాన తూకంలో మోసపోయిన గృహిణి ఫిర్యాదు వ్రాయగలుగుతుందా? ఆ శక్తి చదువు వల్ల రావాలి. ఇందులో ఉద్యోగం మాటా ఉన్నది. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ మహిళా శిశు సంక్షేమ శాఖలో విస్తరణాధికారుల నియామకానికి ఇచ్చిన ప్రకటనలో గృహవిజ్ఞాన పట్టం అర్హతల్లో ఒకటి.

ఇంటివద్ద చదువు, ప్రయోగశాల ఈ రెండూ ఒకదానికొకటి విరోధులని కూడా నేననుకోను. అమెరికాలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ స్వయంగా రసాయన శాస్త్రవేత్త. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి 1873లో పట్టం పొందిన తొలి మహిళ. 1876లో ఆమె రెండు పనులకు పూనుకొన్నది. బోస్టన్‌లోని ఒక సంఘం తరఫున ఇళ్ళలో ఉన్న స్త్రీలకు ఉత్తరాల ద్వారా విజ్ఞానశాస్త్రం బోధించసాగింది. ఆ యేడే తన విద్యాసంస్థలో స్త్రీలకొక ప్రయోగశాలను తెరిపించింది. నూట యాభై యేళ్ళనాడే ఆమెకు తోచిన ఉపాయం మనకెందుకు తోచరాదు?

దూరం పోనక్కరలేదు. పత్తికీ మిర్చికీ పేరుపడ్డ యార్డు మన ముంగిట ఉన్నది. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఎరుపుకు గిరాకీ ఉన్నచోట కృత్రిమపు రంగు కూడా చేరుతుంది. గ్లాసెడు నీళ్ళమీద కారప్పొడి చల్లితే నీటిలో కరిగే రంగు చారలు చారలుగా క్రిందికి దిగుతుంది. ఇటుక పొడి అడుగుకు చేరి, వేలితో నలిపితే గరగరలాడుతుంది. ఇంతవరకు ఇంట్లో చేసికోవచ్చు, తెర మీద చూచి నేర్చుకోవచ్చు. కాని సూడాన్ రంగులు నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. గ్లాసు పరీక్షలో ఏమీ తేలకపోతే కల్తీ లేదని నమ్మే ప్రమాదమున్నది. వాటిని పట్టుకోవడానికి ద్రావకాలు, ఉపకరణాలు, ప్రక్కన నిలబడి సరిదిద్దే అధ్యాపకురాలు కావాలి. సగం చదువు ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కనుక పాలకవర్గం వారికి నా విన్నపం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే వెలసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు అధ్యయన కేంద్రాలలో ప్రయోగ తరగతులు నడపడం దానికి అలవాటైన పద్ధతే. మన కళాశాలను అటువంటి కేంద్రంగా గుర్తించమని ఆ విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు. పోషణశాఖ ఆ మార్గాన వీలుకానందున, బి.ఎస్సీ.లో పోషణ ఒక పాఠ్యాంశంగా ఉండే తరగతికి కాకతీయ విశ్వవిద్యాలయాన్ని అనుమతి కోరాలి. పిల్లల తల్లులు హాజరు కాగలిగేటట్లు ఉదయం పదింటి నుండి రెండింటి వరకు వేళలు పెట్టాలి. మగపిల్లలనూ చేర్చుకోవాలి, ఇంటి జమాఖర్చు వారికి అక్కరలేనిదేమీ కాదు. ఖర్చవుతుందంటారా, రసాయనశాస్త్ర ప్రయోగశాల ఉండనే ఉన్నది, ఆదివారాలు తాళం వేసే ఉంటున్నది.

విద్యార్థినులకు ఒక్క మాట. రుసుము కట్టకముందే ఆ సంస్థ పేరూ, ఆ కోర్సు పేరూ రెండూ యు.జి.సి. దూరవిద్యా విభాగం ప్రకటించే జాబితాలో, మీరు చేరబోయే సంవత్సరానికి, ఉన్నవో లేవో చూడండి. సంస్థకు గుర్తింపు ఉండి కోర్సుకు లేకపోవచ్చు. చూడడం చేతకాకపోతే నా వద్దకు రండి. ఈసారి సమాధానం చెప్పగలను.

మొదట చెప్పిన అమ్మాయి కట్టిన రుసుము ఇంకా తిరిగి రాలేదు. ఆమె తరఫున మేమిద్దరం కలిసి వ్రాసిన రెండవ అర్జీ పోయిన నెలలో పంపించాము. వచ్చే విద్యాసంవత్సరపు ప్రవేశ ప్రకటన వెలువడేలోగా పై విషయాన్ని పాలకవర్గ సమావేశపు కార్యసూచిలో చేర్చవలసినదిగా కోరుతున్నాను.