రాయి మళ్ళీ మళ్ళీ వస్తుంటే...

మూత్రపిండంలో రాయి ఒకసారి వచ్చిందంటే, నీళ్ళు తక్కువ తాగి ఉంటారని సరిపెట్టుకుంటాము. ఎండలని, బోరునీళ్ళని కారణాలు మనమే చెప్పుకుంటాము. రెండవసారి కూడా వస్తే? దానికి తోడు ఎముకల నొప్పులు, ఎంత నిద్రపోయినా తీరని అలసట, మలబద్ధకం, కారణం లేకుండా మనసు కుంగిపోవడం కూడా ఉంటే? అప్పుడు రాయిని తీయించుకోవడంతో పని ముగియదు. ఆ రాయిని తయారు చేస్తున్నదేమిటో వెతకవలసి ఉంటుంది. అటువంటి కారణాలలో ఒకదానిని గురించి ఈ నెల ముచ్చటించదలచాము. అది పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం.

పేరు వినగానే చాలామంది 'నాకు థైరాయిడ్ పరీక్ష చేశారు, బాగానే ఉంది' అంటారు. ఇది థైరాయిడ్ కాదు. థైరాయిడ్ గ్రంథి వెనుకవైపున అంటుకొని, ఒక్కొక్కటి బియ్యపు గింజంత పరిమాణంలో, సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులుంటాయి. రక్తంలోని కాల్షియంను కాపలా కాయడమే వీటి పని. కాల్షియం తగ్గితే ఇవి పారాథార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఆ హార్మోన్ ఎముకల నుండి కాల్షియంను రక్తంలోకి రప్పిస్తుంది. మూత్రంలో వృథాగా పోకుండా చాలావరకు ఆపుతుంది. కాల్షియం పెరగగానే గ్రంథులు మౌనం వహిస్తాయి. ఈ నాలుగింటిలో ఒకటి గడ్డగా పెరిగి, ఆ మౌనాన్ని పాటించకపోవడమే వ్యాధి. రోగులలో నూటికి ఎనభై మందికి పైగా ఒకే ఒక్క గ్రంథి చెడుతుంది. అది క్యాన్సరు కావడం అత్యంత అరుదు.

పాశ్చాత్య దేశాలలో మామూలు రక్తపరీక్షలలోనే కాల్షియంను కూడా చూసే అలవాటు దశాబ్దాలుగా ఉన్నది. అందువల్ల అక్కడ చాలామందికి బాధ మొదలవకముందే వ్యాధి బయటపడుతుంది. మన దగ్గర ఎముకలు పలచబడి, మూత్రపిండాలు దెబ్బతిన్న తరువాతనే తెలిసే సందర్భాలు ఇప్పటికీ ఎక్కువ. ముఖ్యంగా యాభై దాటిన స్త్రీలలో. సజ్దా నుండి లేవలేక కుర్చీపై కూర్చొని నమాజు చేసుకుంటున్న అమ్మను చూసి, ఇంటిల్లిపాదీ 'వయసు' అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. వయసే కావచ్చు. అయితే ఆ మాట అనేముందు ఒక్క రక్తపరీక్ష చేయించడం పెద్ద భారమేమీ కాదు.

ఆ పరీక్షలో చూడవలసినవి రెండు అంకెలు: కాల్షియం, పారాథార్మోన్. ఈ రెండింటినీ ఒకే రోజు తీసిన రక్తంలో, పక్కపక్కన పెట్టి చదవాలి. కాల్షియం సాధారణంగా డెసీలీటరుకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అది హద్దు దాటినప్పుడు ఆరోగ్యవంతునిలో పారాథార్మోన్ అట్టడుగుకు పడిపోవాలి. పడిపోకుండా పెరిగి ఉన్నా, 'నార్మల్' అని ముద్రించిన హద్దులలోనే ఉన్నా అనుమానించవలసిందే. రిపోర్టులో హద్దు దాటిన అంకెను మాత్రమే ముదురు అక్షరాలలో అచ్చువేస్తారు గనుక, ఈ రెండవ రకం వాళ్ళు ఏళ్ళ తరబడి తప్పిపోతుంటారు.

ఇక్కడే మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే ఒక చిక్కుముడి ఉన్నది. మనవాళ్ళలో విటమిన్ డి లోపం అత్యధికం. ఆ లోపం వల్ల కూడా పారాథార్మోన్ పెరుగుతుంది. అందుచేత 'డి తక్కువగా ఉంది, అందుకే ఇది పెరిగింది, వారానికొకటి మాత్ర వేసుకోండి' అని పంపించివేయడం జరుగుతుంటుంది. కాని విటమిన్ డి లోపం కాల్షియంను పెంచదు. లోపం ఉండి కూడా కాల్షియం ఎక్కువగా ఉన్నదంటే, దాని వెనుక మరొకటి ఉన్నదని అర్థం. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్న కుటుంబం ఎన్నో నెలల తిరుగుడును తప్పించుకోగలదు. విటమిన్ డిని సరిచేయవలసిందే, అయితే వైద్యుని పర్యవేక్షణలో.

కాల్షియంను పెంచే ఇతర కారణాలనూ తోసిపుచ్చాలి. రక్తపోటుకు వాడే థయజైడ్ రకం మాత్రలు, మానసిక వ్యాధికి వాడే లిథియం ఇందుకు కారణం కావచ్చు. కాబట్టి వాడుతున్న మందులన్నింటినీ వైద్యుని ముందు పెట్టాలి. స్వయంగా మాత్రం ఆపకూడదు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాలలో పారాథార్మోన్ అంకెను తారుమారు చేస్తాయి, ఆ సంగతీ చెప్పాలి. ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని పట్టి అందులోని కాల్షియంను కొలిపించడం కొందరికి చిరాకు కలిగించవచ్చు. కాని వంశపారంపర్యంగా వచ్చే ఒక నిరపాయ స్థితిలో రక్తంలో కాల్షియం ఎక్కువగా, మూత్రంలో తక్కువగా ఉంటుంది. దానికి శస్త్రచికిత్స వల్ల ప్రయోజనం లేదు. ఈ పరీక్ష చేయకుండా మెడను కోయించుకోవడం అవివేకం.

మా బంధువర్గంలోని ఒక ఆపా విషయం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. వయసు యాభైఒకటి. ఆరేళ్ళలో రెండుసార్లు రాయి. కాల్షియం 11.6, పారాథార్మోన్ హద్దుకు రెండింతలు. వ్యాధి నిర్ధారణ అయినట్లే. గ్రంథి ఎక్కడున్నదో చూడడానికి సెస్టామిబి స్కాన్ తీయించారు. అందులో ఏమీ కనబడలేదు. స్కాన్‌లో లేనిదానికి ఆపరేషన్ ఎలా చేస్తాను, ఏడాది తరువాత రండి అని ఒక సర్జన్ అన్నారు. ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నది. ఆపా మాత్రం ఊపిరి పీల్చుకోలేదు. 'రక్తంలో ఉన్నది అబద్ధమా?' అని అడిగారు. ఆమె అడిగినది సరైన ప్రశ్న. వ్యాధిని నిర్ధారించేది రక్తమే. స్కాన్ చేసే పని, గడ్డ ఏ మూలన ఉన్నదో సర్జన్‌కు దారి చూపడం. గడ్డ చిన్నదైతే, ఒకటికంటే ఎక్కువ గ్రంథులు చెడితే స్కాన్ ఖాళీగా రావచ్చు. అది వ్యాధి లేదని తీర్పు కాదు.

రెండవ అభిప్రాయానికి వెళ్ళడం మొదటి వైద్యుని అవమానించడమని మన పెద్దలు భావిస్తుంటారు. ఈ సంకోచాన్ని మేము అంగీకరించలేము. ఈ శస్త్రచికిత్సలో సర్జన్ అనుభవానికి ఉన్నంత విలువ మరే యంత్రానికీ లేదు. చరిత్రలోనే ఇందుకు సాక్ష్యమున్నది. వియన్నాలో ఫెలిక్స్ మాండిల్ 1925లో తొలిసారిగా ఇటువంటి గడ్డను తొలగించారు. ఆ తరువాత కొద్దికాలానికే అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే నౌకా కెప్టెన్‌కు ఇదే వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆరడుగులు దాటిన మనిషి, ఎముకలు కుంగి ఎత్తు తగ్గిపోయాడు. మెడలో పదేపదే వెతికారు, దొరకలేదు. 1932లో ఏడవ ఆపరేషన్‌లో గడ్డ ఛాతీలో కనబడింది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న ఆయన కొద్ది వారాలలోనే మరణించారు. గర్భంలో శిశువు పెరుగుతున్నప్పుడే ఈ గ్రంథులు మెడ పైభాగం నుండి కిందికి ప్రయాణిస్తాయి. దారిలో ఎక్కడైనా ఆగవచ్చు, ఛాతీలోకీ జారవచ్చు. ఆ దారులన్నీ తెలిసిన చేతులకే మొదటి ఆపరేషన్‌ను అప్పగించాలి. ఒకసారి కోసిన మెడను తిరిగి కోయడం కష్టతరం, అపాయమూ ఎక్కువ.

ఆపా మరొక సర్జన్ వద్దకు వెళ్ళారు. ఆమె భయం ఎముకల గురించి కాదు, గొంతు గురించి. పాతికేళ్ళుగా ఆమె వాడకట్టులోని ఆడపిల్లలకు ఖుర్ఆన్ పారాయణం నేర్పుతున్నారు. గొంతును నడిపించే నరం ఈ గ్రంథుల పక్కనుండే వెళుతుంది. 'డాక్టరు గారూ, నా గొంతు పోతే నేను పిల్లలకు ఏమి నేర్పేది?' అన్నారు. ఆయన విసుక్కోలేదు. అనుభవజ్ఞుల చేతిలో నరానికి శాశ్వత హాని జరిగేది నూటికి ఒకరికి అటూఇటూగా ఉంటుందని, అది అసలే జరగదని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పారు. వెంట వెళ్ళిన తమ్ముడు మరో మూడు ప్రశ్నలు రాసుకొని వెళ్ళాడు. ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేస్తారు? గడ్డ కనబడకపోతే నాలుగు గ్రంథులనూ చూస్తారా? ఆపరేషన్ మధ్యలోనే పారాథార్మోన్‌ను కొలిచే వీలు ఉన్నదా? ఈ చివరి ప్రశ్నను ఎవరూ మరువకూడదు. ఈ హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. గడ్డను తీసిన పది నిమిషాలకు అంకె సగానికి పైగా పడిపోతే, తీయవలసినది తీశారని బల్లమీదనే తెలిసిపోతుంది.

అందరికీ వెంటనే ఆపరేషన్ అవసరం లేదు. రాళ్ళు, ఎముకల బలహీనత, మూత్రపిండాల పనితీరు తగ్గడం, యాభై ఏళ్ళలోపు వయసు, హద్దుకు మించి ఒక మిల్లీగ్రాము కంటే ఎక్కువగా కాల్షియం పెరగడం - వీటిలో ఏది ఉన్నా వైద్యులు శస్త్రచికిత్స వైపే మొగ్గుతారు. మిగిలినవారు క్రమం తప్పని పరీక్షలతో వేచి ఉండవచ్చు. అలా వేచి ఉన్నవారు పాలు, పెరుగు మానేయనక్కరలేదు. నీళ్ళు మాత్రం తగ్గించరాదు. రమజాన్ రాకముందే వైద్యుని సంప్రదించాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, రాళ్ళకూ అదే దారి. వ్యాధిగ్రస్తులకు ధర్మం ఇచ్చిన సడలింపు ఇటువంటి సందర్భాల కోసమే.

మన రెండు రాష్ట్రాలవారికి హైదరాబాదు నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో వినాళగ్రంథుల వైద్య విభాగాలున్నాయి. వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో, లక్నో సంజయ్ గాంధీ సంస్థలో ఈ గ్రంథుల శస్త్రచికిత్సకే ప్రత్యేక విభాగాలున్నాయి.

ఆపాకు మరో స్కాన్‌లో, నాలుగు దశల సీటీలో, ఎడమవైపు కింద గడ్డ కనబడింది. తీసివేశారు. మరునాడు రాత్రి పెదవులు, వేళ్ళ కొసలు జిల్లుమన్నాయి. ఇన్నాళ్ళు కొల్లగొట్టబడిన ఎముకలు రక్తంలోని కాల్షియంను ఆత్రంగా తీసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. డి లోపం ఉన్నవారిలో ఇది మరింత ఎక్కువ. ఈ జిల్లును దాచుకోకుండా నర్సుకు చెప్పాలని సర్జన్ ముందే హెచ్చరించి ఉన్నారు. కాల్షియం ఇచ్చారు, సర్దుకున్నది. రెండు వారాలు గొంతు బొంగురుగా ఉన్నది. ఇప్పుడు మగ్రిబ్ తరువాత పిల్లలు మళ్ళీ వస్తున్నారు. ఆరు నెలల తరువాత కూడా కాల్షియం హద్దులలో ఉంటేనే నయమైనట్లు లెక్క. ఆమెకు ఆ పరీక్ష వచ్చే నెలలో ఉన్నది.