తివాచీ మీది మరక, మేస్త్రి కూలి

కళాశాల వార్షిక సంచికలో తివాచీ మీద పడిన రంగును గురించి వ్రాయడమేమిటని పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. ప్రబంధకవుల వర్ణనలను గురించో, ఉర్దూ తెలుగు భాషల బాంధవ్యాన్ని గురించో వ్రాయవలసిన తెలుగు ఉపన్యాసకుడు ఇంటి మరకల జోలికి పోవడం కొందరికి చిన్నతనంగా కూడా తోచవచ్చును. అయినా ఆ మరక వల్ల ఒక మనిషి ఒకనాటి కూలి పోగొట్టుకొన్నాడు. ఆ కూలి కోసినది మా ఇల్లే. కాబట్టి ఈ విషయం నాకు చిన్నదిగా కనిపించడం లేదు.

2023లో రంజాను రాకమునుపు, షాబాను నెలలో, మా ఇంటికి రంగులు వేయించినాము. గోడలకు నీళ్ళు కలిపే తెల్లని ఎమల్షను. తలుపులకు, కిటికీలకు ఆకుపచ్చ ఎనామెలు. నడిమి గదిలో మా అబ్బా ఎన్నడో ఏలూరులో కొని తెచ్చిన ఉన్ని తివాచీ పరచి ఉన్నది. దానిని చుట్టి అటక మీద పెట్టండని మా అమ్మీ రెండు మూడుసార్లు అన్నది. ఎవరమూ కదలలేదు. పాత దుప్పటి ఒకటి దాని మీద కప్పి, అదే చాలునని సరిపెట్టుకొన్నాము. మధ్యాహ్నం మేస్త్రి నిచ్చెన జరుపుతుండగా దాని కాలు దుప్పటి మడతలో చిక్కుకొన్నది. పైమెట్టు మీది డబ్బాలు రెండూ ఒరిగినవి. దుప్పటి తొలగిన చోట జానెడు ఎడంలో ఒక తెల్లమరక, ఒక పచ్చమరక.

తరువాతి పది నిమిషాలలో మేము చేసిన పనులన్నీ తప్పులే. మా చిచ్చా మేస్త్రి మీద కేకలు వేయడానికి పూనుకొన్నారు. బి.యస్సీ. మొదటి తరగతిలో ఉత్తీర్ణుడైన మా తమ్ముడు ఎప్పటిదో మిగిలి ఉన్న కిరోసిను తెచ్చి, రెండు మరకల మీదా ఒకే తీరున కుమ్మరించి, బట్టలుతికే బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టినాడు. ద్రావణి యేది, ద్రావితమేది అని పరీక్షలో అడిగితే పుట నిండా వ్రాయగలవాడు! డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో చదువుదామన్న ఆలోచన అతనికి గాని, పక్కనే నిలబడిన నాకు గాని రాలేదు. "రుద్దకండి సారూ, గుడ్డతో ఒత్తి తీయండి" అని మేస్త్రి రెండుసార్లు అన్నాడు. తప్పు చేసినవాడి మాట గనుక ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ రెండు రంగులూ ఒక జాతివి కావు. ఎమల్షనులో జిగురువంటి పదార్థపు సన్నని కణాలు నీటిలో తేలుతుంటవి. తడిగా ఉన్నంతసేపు నీరే దానికి విరుగుడు. నీరు ఆవిరి కాగానే ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కొని పొరగా మారుతవి. ఆ పొరను నీరు మళ్ళీ కరిగించలేదు. ఎనామెలు తీరు వేరు. అందులోని నూనెజాతి పదార్థం గాలిలోని ప్రాణవాయువును తీసుకొని గట్టిపడుతుంది. తడిగా ఉన్నప్పుడు టర్పెంటైను దానిని కరిగిస్తుంది. బాగా గట్టిపడిన తరువాత అదీ నిష్ఫలమే. మా కిరోసిను తెల్లమరకను ఏమీ చేయలేకపోయినది. పచ్చమరకను కొంత కరిగించినది గాని, కరిగిన రంగును పీల్చుకొనే గుడ్డ లేనందున అది ఉన్ని మొదళ్ళలోకి దిగి, అరచేయంత ఉన్నది విస్తరంత అయినది.

చేయవలసిన పని నిజానికి సులభం. ముందు చెంచాతో అంచు నుండి నడిమికి రంగును ఎత్తివేయవలె. పిమ్మట తెల్లని నూలు గుడ్డతో ఒత్తవలె. రంగుగుడ్డ అయితే దాని రంగు కూడా అంటవచ్చును. ఎమల్షనుకు గోరువెచ్చని నీరు, రెండు చుక్కల మెత్తని సబ్బు. ఎనామెలుకు టర్పెంటైను, అదీ గుడ్డ మీద పోసుకొని. కనిపించని మూల ఒకటి చూసి అద్దకం నిలుస్తుందో లేదో ముందు పరీక్షించుకోవలె. కిటికీలు తెరచి, పొయ్యి ఆర్పి ఈ పని చేయవలెనని వేరే చెప్పనక్కరలేదు. అడుగున రబ్బరు పూత ఉన్న తివాచీలలో టర్పెంటైను లోపలికి ఇంకితే ఆ పూతే చెడిపోవచ్చును.

ఉన్నికి వేడినీరు, రుద్దుడు పనికిరావు. పోగులు ముడుచుకొని అట్టకడతవి. చాకలిసోడా, బ్లీచింగు పొడి దానిని తినివేస్తవి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంఖానాల వంటివి నూలువి, కొంత ఓర్చుకొంటవి. అయితే వాటికి కుచ్చు లేదు గనుక మరక ఇటు నుండి అటు దిగుతుంది. అడుగున మడతగుడ్డ పెట్టవలె. సున్నపు చుక్కలయితే ఎండిన తరువాత దులిపి, మిగిలిన తెలుపును నీళ్ళు కలిపిన సిర్కాతో తీసి, మంచినీటితో తుడిస్తే చాలును.

మరొక సంగతి. పాత తలుపులను గీకినప్పుడు రాలే పొడిలో సీసం ఉండవచ్చును. ఇంటి రంగులలో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017లోనే అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన పూతలకు ఆ హామీ లేదు. పసిపిల్లలు ప్రాకే తివాచీ మీద ఆ పొడి పడనీయడం మరకకన్నా పెద్ద ప్రమాదం.

ఆ సాయంత్రం మా చిచ్చా ఒకనాటి కూలి తగ్గించి లెక్క ముగించినారు. మేస్త్రి మారు మాట్లాడక వెళ్ళినాడు. జరిమానా లేకుంటే జాగ్రత్త ఉండదని వాదించేవారున్నారు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. నిచ్చెన జరిపేముందు అతడు డబ్బాలు దించి ఉండవలసినది. కాని తివాచీ చుట్టి ఎత్తడం ఇద్దరికి పావుగంట పని. ఆ పావుగంట మేము మిగుల్చుకొని, దాని వెల అతని చేత కట్టించినాము. పైగా మరకను విస్తరంత చేసినది మా కిరోసిను. జరిమానా మాకు ఎవరు వేసినారు?

మూడవనాడు నేను వెళ్ళి ఆ కూలి ఇచ్చి వచ్చినాను. అతడు తీసుకొన్నాడు, ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం పిలవకుండానే వచ్చి, స్పిరిటు తడిపిన గుడ్డను తెల్లమరక మీద వేసి, మెత్తబడిన పొరను మొద్దుకత్తితో పోగు పోగుగా లేపినాడు. రెండు పూటలు పట్టినది. తెలుపు దాదాపు పోయినది. పచ్చమరక అలాగే ఉన్నది. మా అమ్మీ జానమాజు ఇప్పుడు దాని మీదనే పరుస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వేసవిలో వసతిగృహాలకు వెల్ల వేయించేటప్పుడు జంఖానాలన్నీ ముందురోజే చుట్టి గదుల బయట పెట్టించవలె. ఆ పనికి విద్యార్థులం పది మందిమి రాగలమంటే నేనూ వారితో వస్తాను. మేస్త్రులతో వ్రాసుకొనే కాగితంలో మరకలకు కూలి కోత అన్న మాట మాత్రం వద్దు.