నీడలో కొలిచే ఎండ

వడగాడ్పులను జాతీయ విపత్తుల జాబితాలో చేర్చే ఆలోచన లేదని 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. అప్పటికి ఆ జాబితాలో తుపాను, వరద, భూకంపం, వడగళ్లు, పంటలపై పురుగుల దాడి ఉన్నవి. చలిగాలులు కూడ ఉన్నవి. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు మరణించిన సంగతి పాఠకులు మరచి ఉండరు. అయినా ఎండకు ఆ గౌరవం దక్కలేదు. జనవరి చలికి వణకడం ఢిల్లీ అధికారులకు అనుభవమే; మే నెల మధ్యాహ్నం తట్ట మోయడం వారి అనుభవంలో లేదు.

సహాయ నిధుల సంగతి అలా ఉంచి, పని సంగతి చూద్దాం. అందుకు భిలాయ్ కంటె తగిన ఊరు లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసి, 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసును వెలిగించిన ఈ ఉక్కు పట్టణం ఉత్తరాంధ్రవారికి పరాయిది కాదు. పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ వెళ్లే రైలు ఎన్నో కుటుంబాలను అక్కడికి చేర్చింది. మన రోహిణీ కార్తెలోని తొమ్మిది రోజులను అక్కడ నౌతపా అంటారు. మన చద్దన్నమే వారి బోరే బాసీ. 2022 మే 1న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం శ్రామికుల గౌరవార్థం బోరే బాసీ దినం జరిపింది. చద్దన్నం మంచిదే, ఎండలో వంటికి కావలసిన నీరూ ఉప్పూ అందులో ఉంటాయి. అయితే దానిని తినడానికి కాస్త నీడ, కాస్త విరామం కూడ ఉండాలి గదా!

ఒక పర్యటనలో, పవర్‌హౌస్ స్టేషను సమీపాన, మధ్యాహ్నం రెండు గంటలకు కంకర మోస్తున్న స్త్రీలను చూశాను. అక్కడ వీరిని రేజాలంటారు. అందులో ఒకామె శ్రీకాకుళం మనిషి. కాసేపు ఆగరాదా అని అడిగితే, "ఆగితే కూలాగిపోద్ది బాబూ" అన్నది.

భిలాయ్‌లో వేడి రెండు రకాలు. కొలిమి వేడిని యాజమాన్యాలు, యూనియన్లు, చట్టం చిరకాలంగా గుర్తించాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షను పనిగదిలో గాలి, ఉష్ణోగ్రత ఎట్లా ఉండాలో చెప్పింది. ఆరుబయట చిట్టెం ఎత్తేవానికి, పట్టాలు సరిచేసేవానికి పనిగది ఏదీ? భిలాయ్ కార్మికులపై 2020లో బృహద్గ్రంథం వెలువరించిన జొనాథన్ ప్యారీ అక్కడి జనం నోట వినవచ్చే రెండు మాటలను ప్రముఖంగా చర్చించాడు: నౌకరీ, కామ్. పర్మినెంటు ఉద్యోగిది నౌకరీ. ఠేకేదారు కింద కూలిది కామ్. నౌకరీ ఉన్నవాడు తోటివారితో వంతులు వేసుకుని సేద దీరగలడు. కామ్ చేసేవానికి ఆ వెసులుబాటు తక్కువ.

వాతావరణ శాఖ ప్రకటించే 45 డిగ్రీలు నీడలో కొలిచినవి. కూలి పని చేసేది నీడలో కాదు. ఎండ, తేమ, గాలి మూడింటినీ కలిపి లెక్కించే కొలమానాన్ని అమెరికా సైన్యం 1950లలోనే తన శిక్షణ శిబిరాల కోసం రూపొందించుకున్నది. వేడికి శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందనీ, కొత్తవానికి మొదటిరోజు అయిదోవంతు పనే ఇవ్వాలనీ, పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసెడు నీరు అందించాలనీ నిపుణులు చెబుతారు. వడదెబ్బ మరణాలలో ఎక్కువ భాగం పనిలో చేరిన తొలి రోజులలోనే సంభవిస్తాయి. ఠేకాకు ఒక కొత్త ముఠాను దించే పద్ధతిలో ప్రతి ముఠాకూ తొలి రోజులే!

ఖతార్ కార్మికుల స్వర్గమని నేననను. కాని 2021 నుంచి అక్కడ జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషిద్ధం. పైన చెప్పిన కొలమానం 32.1 దాటితే ఏ వేళనైనా పని ఆపవలసిందే. కరీంనగర్ నుంచి అక్కడికి వెళ్లిన మేస్త్రీకి ఉన్న ఆ కాగితపు రక్షణయినా భిలాయ్ వెళ్లిన శ్రీకాకుళం కూలికి ఎందుకు ఉండరాదు?

పని ఆపిన గంటలకు కూలి ఎవరిస్తారన్నదే అసలు పేచీ. ఈ ప్రశ్న కొత్తది కాదు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో 1977లో ఠేకా కార్మికులు, శంకర్ గుహా నియోగి నాయకత్వాన, పని దొరకని రోజుకూ కొంత కూలి కావాలనీ, వానలకు ముందు గుడిసెల మరమ్మతుకు డబ్బు కావాలనీ కోరారు. ఆ జూన్ 2, 3 తేదీలలో జరిగిన కాల్పులలో 11 మంది చనిపోయారు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రతా స్మృతి పాత ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చింది. ఉష్ణోగ్రత ప్రమాణాల నిర్ణయాన్ని అది ప్రభుత్వాలకే వదిలింది. పనిగది గోడలు దాటి ఆరుబయటికి కూడ ఆ నిబంధనలను విస్తరింపజేయాలి. అంతకంటె ముందు ప్రభుత్వరంగ సంస్థలు తమ టెండర్లతో ప్రారంభించవచ్చును. హెల్మెట్టు, బూట్ల షరతులు వ్రాసేచోటనే, మే నెలలో పన్నెండు నుంచి మూడున్నర వరకు ఆపిన పనికి కూలి చెల్లించాలని ఒక పంక్తి వ్రాయడానికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు.