ఈ లెక్క ఎక్కడిది?

“ఈ లెక్క ఎక్కడికెల్లొచ్చిందక్కా?”

గోదావరిఖనిలో గర్భసంచి ఆపరేషన్ల మీద కరపత్రం రాస్తున్నప్పుడు ఒక కార్యకర్త నన్నడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. ఆ శాతాన్ని నేను ఒక పాత కరపత్రం నుంచి తీసుకున్నాను. అందులోకి అది అంతకు ముందరి కరపత్రం నుంచి వచ్చింది. రెండు రోజులు వెతికినా మూలం దొరకలేదు. సోషియాలజీలో డాక్టరేట్ చేసినదాన్ని, ఆ రోజు నిజంగా సిగ్గుపడ్డాను.

ఆ అంకె కొట్టేసి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) తెరిచాం. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 8కి పైన. మా పాత అంకె కంటే ఇది చిన్నదే. కానీ దీన్ని ఏ అధికారీ కాదనలేడు. మన కాగితంలో ఒక్క తప్పుడు లెక్క దొరికితే చాలు, ముప్పై ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీలు చెప్పిన మాటలన్నీ అబద్ధమని తోసిపుచ్చుతారు.

మరి వైద్య పత్రికలో అచ్చయిన ప్రతిదాన్నీ నమ్మవచ్చా? హైదరాబాద్ కేంద్రంగా వందలాది పరిశోధనా పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. తోటి నిపుణుల పరిశీలన సరిగా జరపకుండానే జరిపామని చెప్పుకోవడం, ఒప్పుకోని పండితులను సంపాదకులుగా చూపడం, రుసుము సంగతి ముందుగా చెప్పకపోవడం ఆరోపణలు. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పునిచ్చింది. కాబట్టి వ్యాసం ఎక్కడ అచ్చయింది, దాన్ని ఎవరు పరిశీలించారు, ఎంతమంది స్త్రీలను కలిశారు, డబ్బు ఎవరిచ్చారు అని అడగాలి. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడాలి. సారాంశం చదివి ఊరుకోకూడదు.

సగం వెతికి ఆపినా ప్రమాదమే. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం పరిశోధన కోసం ఎలెన్ రోష్ అనే 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు హెక్సామెథోనియం అనే మందు పీల్చి చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయవచ్చని 1950ల నాటి వ్యాసాలలో ఉంది. పరిశోధకుడు వాడిన కంప్యూటర్ సూచిక అప్పట్లో 1966 నుంచే మొదలయ్యేది. అంతకు ముందరి పుస్తకాలు తిరగేసి ఉంటే ఆమె బతికేదేమో.

ఇతరులను అడిగే ప్రశ్నలు మనల్ని మనమూ వేసుకోవాలి. బస్తీలలో, సింగరేణి కాలనీలలో మనం చేసే సర్వేలలో అనుకున్నది తేలకపోతే ఆ ఫైలు బీరువాలోకి పోవడం నేను చూశాను. మందుల కంపెనీ నచ్చని ఫలితాన్ని దాచిపెడితే మనం నిలదీస్తాం. మనం దాచిపెడితే దాన్నేమనాలి? తన శరీరం గురించి, రక్తస్రావం గురించి, అప్పు చేసి కట్టిన ఆస్పత్రి బిల్లు గురించి మనకు చెప్పిన స్త్రీకి, దానితో మనం ఏం చేశామో తెలుసుకునే హక్కుంది. ఫలితం ఏదైనా ముందు ఆమె వాడలోనే, ఆమె భాషలోనే చదివి వినిపించాలి. ఆ తర్వాతే అచ్చు.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికకు రాసేవారు ప్రతి అంకెకూ మూలం రాసి పంపండి. ఏ సంవత్సరానిదో, ఎవరిని లెక్కపెట్టారో చెప్పండి. మూలం దొరకకపోతే అంకె వదిలేయండి, స్త్రీలు చెప్పింది చెప్పినట్టు రాయండి. నేను రాసినదానిలో తప్పు కనిపిస్తే నన్నూ అడగండి, గోదావరిఖని కార్యకర్త అడిగినట్టే.