ఎవరి ఫోనుకు చెబుతున్నారు?

ఒకసారి డాక్టరుకు చూపించుకున్నాక మళ్లీ చూపించుకునేలోపు రోగిని ఫోను ద్వారా కనిపెట్టుకొని ఉండడమన్నది ఇప్పుడు ప్రభుత్వ విధానమైంది. ఏఎన్‌ఎంల చేతికి అన్‌మోల్ ట్యాబులు 2016లో వచ్చాయి. ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. దీన్ని నేను వ్యతిరేకించడం లేదు. మద్దికెర నుంచి ఆదోనికో, పక్క జిల్లాలోని గుంతకల్లుకో వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉందని ఒక గర్భిణి మానేస్తే వచ్చే నెల చెకప్ దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. "అన్నం తిన్నాక వేసుకోమ్మా" అని ఫోనులో చెబితే తీరిపోయే సమస్య అది.

అయితే ఆ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 48.9 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. పట్టణాలను కూడా కలుపుకొని వేసిన లెక్క ఇది.

మద్దికెర పల్లెల్లో నేను మాట్లాడిన ఆడవాళ్లలో చాలామంది కార్డు మీద రాయించింది భర్త నంబరో, మరిది నంబరో. తెల్లబట్ట గురించి, ముట్టు ఆగకుండా కావడం గురించి, ఇంకో కాన్పు వద్దనుకోవడం గురించి ఆ నంబరులో ఏం మాట్లాడతారు? "మా ఆయన పక్కనుంటే 'బాగుండానమ్మా' అంటా. ఇంకేమంటా మేడం?" అన్నదొకామె. రికార్డులో మాత్రం ఆమె 'బాగుంది' అనే నమోదవుతుంది. ఇంట్లోని అధికార సంబంధాలను లెక్కలోకి తీసుకోని సాంకేతికత రోగి మాటను కాదు, ఇంటి యజమాని మాటను సేకరిస్తుంది.

పైగా ఇది సుగ్గి పోయే సీమ. మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలినప్పుడు గర్భిణులూ పోతారు. రీఛార్జి అయిపోతే ఫోను మూగబోతుంది. సరిగ్గా ఆమెకు సలహా అవసరమైన నెలలవి.

కేంద్రం 2016 జనవరిలో మొదలుపెట్టిన కిల్కారీ మరో రకం. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొక రికార్డు చేసిన సందేశం నమోదైన నంబరుకు వస్తుంది. చదువు రాకపోయినా వినొచ్చు, అది మంచిదే. కానీ సందేహం అడిగితే రికార్డు జవాబు చెప్పదు.

జవాబు చెప్పేది చివరికి ఆశా కార్యకర్తే. రాత్రి తొమ్మిదికి వచ్చిన ఫోను ఆమె పనిగంటల లెక్కలోకి రాదు. యాప్ సాధించిందని చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఈ లెక్కలోకి రాని స్త్రీ శ్రమే.

ఆరోగ్య ప్రాజెక్టుల్లో పనిచేస్తున్న మన సంస్థలు రేపటి నుంచే చేయగలిగినవి కొన్నున్నాయి. నంబరు రాసుకునేటప్పుడు అది ఎవరిదో, ఏ వేళ ఫోను చేస్తే ఒంటరిగా మాట్లాడగలదో ఆమెనే అడిగి రాయాలి. ఆమె వద్దన్న విషయం ఆ నంబరుకు పంపకూడదు. సుగ్గికి పోయేవాళ్లకు చేరుకునే ఊరి ఏఎన్‌ఎం నంబరు కాగితం మీద రాసివ్వాలి. ఆశాల ఫోను ఖర్చూ, ఫోనులో మాట్లాడిన సమయమూ ప్రాజెక్టు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దుగా చూపాలి.